కొంగున ముడివైచిన మాత్రలు

నిరుడు మిర్యాలగూడలోని మా అక్కకు క్లోమమునందు క్యాన్సరు, అనగా రాచపుండు, కలదని తేలినది. హైదరాబాదులో కీమో యెక్కించుకొని వచ్చినప్పుడెల్ల వాంతులతో సోలిపోవుచుండెను. ఆ దినములలో కోదాడనుండి వచ్చిన మా పిన్ని, రక్తపుపోటునకు వాడు లోసార్టాను ఈ రోగమునకును పనిచేయునట యని చెప్పెను. మా వారి డబ్బీలో నుండునదియు నదియే! నాలుగు మాత్రలు కొంగున ముడివైచుకొంటిని.

బస్సెక్కుటకు ముందు మా సూర్యాపేట వైద్యురాలి నడిగితిని; అడుగుట మేలైనది. మాట బొత్తిగా అబద్ధము కాదట. పుండుచుట్టు గట్టిపడిన కండ రక్తనాళములను నొక్కుటచే మందు లోనికి చేరదు. ఆ బిగువును లోసార్టాను సడలించుట ఎలుకలలో కనబడినది. బోస్టనులో శస్త్రచికిత్సకు లొంగని 49 మందికి కీమోతోపాటు దీనిని గూడ నిచ్చి చూచిరి. సగముకంటె నెక్కువమందికి పిమ్మట పుండు పూర్తిగా తీయగలిగినట్లు 2019లో ప్రకటించిరి. కాని ఈ మాత్ర ఇయ్యని జట్టుతో పోల్చలేదు గనుక, మేలు దేనివలననో తేలదు.

“వాంతులతో నీరు తగ్గిన దేహమమ్మా! ఇది పోటును మఱింత దించును, మూత్రపిండములను దెబ్బతీయును. ఆమెను చూచు వైద్యుని అడుగక ఇయ్యకుము” అనెను.

మిర్యాలగూడ చేరగానే అక్క నా కొంగువైపు చూచెను. పిన్ని ముందే చెప్పినట్లున్నది. నాకు నోరు రాలేదు. ఉప్పువేసి పలుచని మజ్జిగ కలిపి యిచ్చితిని.