జాబితాలో లేని పేరు

పాపికొండల నడుమ గోదావరిపై లాంచీలో విహరించాలన్నది మా ఇంటిల్లిపాదికీ చిరకాల వాంఛ. అది 2022 డిసెంబరులో నెరవేరింది. ఆ కొండల అందాన్ని వర్ణించే సాహసం నేను చేయను. కళాశాల సంచికల్లో ఆ పని చేసినవారు చాలామందే ఉన్నారు. నేను చెప్పదలచినది వేరు.

గండిపోచమ్మ రేవులో టిక్కెట్లు వ్రాసే గుమాస్తా, ఐదేళ్ళు నిండని పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదన్నాడు. మా తమ్మునికి ఏడేళ్ళు. అబ్బాజాన్ సామానుతో వెనుక వస్తున్నారు. "వాడికి ఇంకా ఐదు నిండలేదండీ" అన్నాను. మిగిలిన డబ్బుతో పేరంటపల్లిలో వెదురు వస్తువులు కొనుక్కోవచ్చునని నా లెక్క. గుమాస్తా వాడి పేరు వ్రాసుకోనూ లేదు.

అరగంట ప్రయాణం సాగిందో లేదో, ఒక చిన్న మరపడవ మా లాంచీకి అడ్డంగా వచ్చి నిలిచింది. అధికారులు ముగ్గురు ఎక్కారు. సరంగు ఇంజను ఆపాడు. పాటలూ ఆగిపోయాయి. వారు తలలు లెక్కించారు. సిబ్బందిని మినహాయిస్తే జాబితాలో 48 మంది, లాంచీలో 49. మళ్ళీ లెక్కించినా అంతే. "విహారానికి వచ్చినవాళ్ళను దొంగల్లా లెక్కబెడతారేమిటి?" అని ఒక పెద్దమనిషి విసుక్కున్నారు. నలభై తొమ్మిదవ తల ఎవరిదో ఎరిగినదాన్ని నేను ఒక్కతెనే. నోరు పెగలలేదు.

పెద్ద అధికారి వరుసగా పేర్లు చదివి, చివరకు మా తమ్ముని వద్ద ఆగారు.

"నీ పేరు పిలిచానా బాబూ?"

"లేదండీ."

"ఎన్నేళ్ళు నీకు?"

"ఏడు!" అన్నాడు వాడు, గర్వంగా.

అబ్బాజాన్ నా వైపు చూశారు. ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

వాడికి తొడిగినది పెద్దవారి లైఫ్ జాకెట్. అధికారి దాని భుజాలు పట్టి పైకి లాగగానే అది తల మీదుగా ఊడి చేతికి వచ్చింది. పిల్లల జాకెట్లు జాబితా చూసి ఎక్కించారట. జాబితాలో లేనివాడికి జాకెట్టూ లేదు. "నీళ్ళలో పడితే ఇది పైకి తేలుతుంది, వీడు కిందికి పోతాడమ్మా. పేరే లేనివాణ్ణి మేము ఎవరని వెతికేది?" అన్నారాయన, మెల్లగానే.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో లాంచీలో అందరికీ తెలుసు. 2019 సెప్టెంబరు 15న, వరద పోటు మీదున్న ఈ నదిలోనే, కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి పదుల ప్రాణాలు పోయాయి. ఆ పడవను పైకి తీసేసరికి అక్టోబరు 22 వచ్చింది. విసుక్కున్న పెద్దమనిషి ఆపై నోరు మెదపలేదు.

రేవు నుండి చిన్న జాకెట్టు తెప్పించేదాకా లాంచీ కదలలేదు. ముప్పావు గంట. అందరి చూపులూ నా మీదే ఉన్నట్లనిపించి, తల వంచుకొని కూర్చున్నాను. అబ్బాజాన్ టిక్కెట్టు డబ్బు చెల్లించారు. అధికారి జాబితా అడుగున తమ్ముని పేరు, వయసు, అబ్బాజాన్ ఫోను నంబరు తన చేతితో వ్రాశారు. పేరంటపల్లిలో నేను ఏమీ కొనలేదు.

సాయంత్రం రేవులో దిగుతుండగా ఒక ఉద్యోగి అదే కాగితం పట్టుకొని పేర్లు పిలుస్తున్నాడు. మా తమ్ముడు అందరికంటే ముందు దిగి కూడా, చివరి పేరు వినిపించేదాకా అక్కడినుంచి కదలలేదు. వినిపించగానే చేయెత్తి, బడిలో హాజరు పలికినట్లు, "ప్రెజెంట్ సార్!" అని అరిచాడు.