కోతిమొహం, ఏనుగుచెవి, మీ చొక్కా బొత్తాం

ఆల్చిప్పకి 'కోతిమొహం' అని ఎవరైనా పేరు పెడతారా? పెట్టారండీ! ఇంకోదానికి 'ఏనుగుచెవి' అట. మొటిమల వీపుది కూడా ఒకటుంది. ఇవన్నీ మిసిసిపీ నది అడుగున హాయిగా పడుకుని ఉండేవి, బొత్తాలవాళ్ల కన్ను పడేదాకా.

అయోవా రాష్ట్రంలో, ఆ నది ఒడ్డున, మస్కటీన్ అనే ఊరు. జాన్ బెప్లే అనే జర్మన్ 1891లో అక్కడ దుకాణం తెరిచాడు. సొంతూళ్లో కొమ్ములూ చిప్పలూ చెక్కి బొత్తాలు చేసిన చెయ్యి. అంతకు ముందేడే అమెరికా సర్కారు దిగుమతి సుంకాలు పెంచేసింది. బయటి బొత్తాలు ప్రియమయ్యాయి, ఏట్లోనేమో చిప్పలు రాశులు. ఇంకేం కావాలి?

పట్టే పద్ధతి వింటే నవ్వొస్తుంది. ఎరా లేదు, గాలమని చెప్పుకోదగ్గ గాలమూ లేదు. కడ్డీకి వరసగా మొండి కొక్కేలు వేలాడదీసి పడవ వెనకాల ఈడ్చేవాళ్లు, అంతే. ఆల్చిప్ప కాస్త నోరు తెరుచుకుని ఉంటుంది. కొక్కెం తగలగానే ఠక్కున మూసేస్తుంది. వదలదు! పైకి లాగితే వచ్చేస్తుంది. మనలో చాలామందికి నోరు తెరిస్తే కదండీ ముప్పు? దీనికి మూసుకుంటే ముప్పు!

తర్వాత ఉడకబెట్టి మాంసం తీసేసేవాళ్లు. ఒక్కోసారి లోపల ముత్యం! దొరికినవాడి మొహం ఊహించుకోండి. చిప్పల్ని రోజుల తరబడి నీళ్లల్లో నానబెట్టాలి, లేకపోతే కోసేటప్పుడు పెటుక్కుమంటాయి. గొట్టంలాంటి రంపంతో గుండ్రటి బిళ్లలు కోసి, అరగదీసి, బెజ్జాలు పెట్టి, మెరుగు పెడితే బొత్తాం. వాటిని అట్టలకి కుట్టే పని ఇళ్లల్లో ఆడవాళ్లది. మిగిలిన చిప్పలు చూశారూ, అచ్చం బూందీ గరిటెలే! పారేస్తారా? దారుల్లో గుంతలు పూడ్చేశారు.

1905 నాటికి ఏడాదికి 150 కోట్ల బొత్తాలు! ప్రపంచంలో మూడో వంతుకి పైగా ఈ ఒక్క ఊరివే. బెప్లేకి మాత్రం చేతిపనే ముద్దు, యంత్రాలంటే మంట. పాపం, ఏట్లో దిగితే చిప్ప కాలికి గీసుకుని, రక్తం విషమై 1912లో పోయాడు. ఎంత పగ పట్టాయో ఆ ఏనుగుచెవులు!

ఆపైన ప్లాస్టిక్ వచ్చింది, కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

అన్నట్టు, మీ ఇంట్లో పాత గుండీల డబ్బా ఉందా? ఒక్కోటీ తీసి చెంపకి ఆనించి చూడండి. చిప్ప బొత్తామైతే చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్‌కి ఆ చలవ ఉండదు. దొరికితే నాకో కేక వెయ్యండి. మరీ మంచిదైతే అడిగేస్తాను, ముందే చెబుతున్నా!