కౌంటరుకు అటూ ఇటూ

మందు షాపు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే నేను తల పక్కకి తిప్పుకుని, చీర కొంగు సర్దుకుని గబగబా నడిచేస్తాను. మీలో చాలామంది అంతే కదా! పోయిన ఏడాది ఒక ఆదివారం సాయంత్రం పటమట రైతుబజార్లో కూరలు కొనుక్కుని వస్తుంటే మాత్రం, ఎందుకో అటు చూశాను.

కటకటాల సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి ఒక కుర్రాడు సీసా అందుకుంటున్నాడు. వాడి భుజానికి నీలం రంగు ట్యూషన్ బ్యాగు ఉంది. ఆ బ్యాగు నేను కొన్నదే. మా మేనల్లుడు, ఇంటర్ రెండో సంవత్సరం, పదిహేడేళ్లు.

నన్ను చూసి బిక్కచచ్చిపోయాడు. "నాకు కాదత్తా, ఒట్టు. నాన్న తెమ్మన్నాడు" అన్నాడు. సీసా లెక్కల పుస్తకాల మధ్య పెట్టుకున్నాడు. నాకు తిట్టడానికి నోరు రాలేదు.

మా తమ్ముడి సంగతి ఇంతకు ముందు ఇక్కడ రాయలేదు. ఇంటి గుట్టు కదా అని ఊరుకున్నాను. నెలన్నర డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉండి అప్పటికి రెండు నెలలైంది ఇంటికొచ్చి. వచ్చిన వారానికే మా మరదలు ఫోన్లో వాడి ఫోటో పట్టుకుని ఆ షాపుకి వెళ్లింది. నలుగురు మగవాళ్ల మధ్య నిలబడి "అన్నయ్యగారూ, ఈయనకి మాత్రం ఇవ్వకండి, మీకు దణ్ణం పెడతాను" అని బతిమాలింది. ఎంత సిగ్గు చంపుకుని వెళ్లి ఉంటుందో ఆలోచించండి. ఆ కౌంటరు మనిషి కూడా మాట నిలబెట్టుకున్నాడు. తమ్ముడు వెళితే రెండుసార్లు లేదని పంపించేశాడట. అందుకే వీడు కొడుకుని పంపాడు.

అంటే ఏమైంది? చట్ట ప్రకారం అమ్మొచ్చు అన్న మనిషికి అమ్మలేదు. అమ్మకూడదన్న పిల్లాడికి అమ్మేశాడు.

వాణ్ణి ఇంటికి పంపించి నేను వెనక్కి వెళ్లాను. జీవితంలో మొదటిసారి ఆ కౌంటరు ముందు నిలబడ్డాను. "ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదని మీకు తెలీదా?" అని అడిగాను.

"మీసాలొచ్చాయి కదమ్మా, మాకెలా తెలుస్తుంది? ప్రతివాడినీ ఆధార్ అడిగితే గొడవకొస్తారు. మేం ఇవ్వకపోతే పక్క షాపుకి పోతారు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అతనూ జీతగాడే.

2019 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో షాపులు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు వాళ్లకి 3,396 షాపులు లాటరీ తీసి ఇచ్చారు. తిరిగిరాని దరఖాస్తు రుసుమే 2 లక్షలు, ఆ పైన లైసెన్సు ఫీజు. అంత పెట్టినవాడు వచ్చిన బేరం పోగొట్టుకుంటాడా అంటారు మావారు. నిజమే కావచ్చు. కానీ లైసెన్సు అంటే అమ్ముకునే హక్కు ఒక్కటే కాదుగా, ఎవరికి అమ్మకూడదో చూసుకునే బాధ్యత కూడా. మందుల షాపులో నిద్రమాత్రలకి చీటీ అడిగితే మనం గొడవ పడుతున్నామా?

మా పక్కింటావిడ కూతురు ఆస్ట్రేలియాలో డార్విన్‌లో ఉంటుంది. ఆ అమ్మాయి చెప్పింది, అక్కడి నార్తర్న్ టెరిటరీలో నిషేధం ఉన్న తాగుబోతుల జాబితా ఒకటి ఉందట. 2011లో పెట్టి, 2012లో తీసేసి, 2017లో మళ్లీ తెచ్చారు. సీసా ఇంటికి కొనుక్కెళ్లాలంటే గుర్తింపు కార్డు స్కాన్ చేయాలి. జాబితాలో ఉంటే షాపువాడు అమ్మకూడదు. ఇంట్లోవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు, తాగేవాడు తనే పేరు ఇచ్చుకోవచ్చు కూడా. మా మరదలు ఫోటో పట్టుకుని బతిమాలిన పని అక్కడ చట్టం చేస్తోందన్నమాట. జాబితా పెట్టగానే అందరూ మానేస్తారని కాదు. ఇంకొకడి చేత తెప్పించుకునేవాళ్లు అక్కడ మాత్రం ఉండరా? కనీసం ఆడది వెళ్లి దణ్ణం పెట్టక్కర్లేదు.

ఆ రాత్రి మా అమ్మాయి ఫోన్లో వెతికి 2015 నాటి బాలల న్యాయ చట్టం చదివి వినిపించింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి మద్యం ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఆ కిందిదే 78వ సెక్షన్. పిల్లల చేత మద్యం మోయించినా అదే శిక్ష.

అప్పటిదాకా షాపువాడి మీద ఉన్న కోపం నా గుండెలోకే తిరిగింది. ఎందుకంటే మా కంకిపాడు దగ్గర ఊళ్లో, మా నాన్నకి సారా ప్యాకెట్లు తెచ్చింది ఈ తమ్ముడే. అప్పుడు వాడికి పదేళ్లు. గుడ్డ సంచీ చేతికిచ్చి పంపేది మా అమ్మ. నేను ఆడపిల్లని కాబట్టి నన్ను పంపరు, బతికాను అనుకునేదాన్ని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారు, మిగతా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారని విని అమ్మ మురిసిపోయింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వస్తే మా ఇంట్లో పాయసం వండింది. 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో ఎత్తేశారు. వాటితో పాటే సంచీ మోసిన పిల్లాడు పెద్దవాడయ్యాడు, తనే తాగడం మొదలుపెట్టాడు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. "ఆటోకి అక్కా" అని వాడు అడిగినప్పుడల్లా ఐదొందలు ఇచ్చింది నేనే. ఎందుకో తెలిసే ఇచ్చాను.

మర్నాడు వెళ్లి తమ్ముడి ముందు ఆ సెక్షన్ పెట్టాను. "నన్ను జైల్లో పెట్టిస్తావా?" అని గట్టిగా అరిచాడు. "కాదురా, నీ చేతికి సంచీ ఇచ్చినప్పుడు అమ్మనీ నాన్ననీ ఎవరూ ఆపలేదు. నేను ఆపుతున్నాను" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొహం కప్పుకుని ఏడ్చాడు.

మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు, ఇంట్లో గదిలో పెట్టి తాళం వేయకండి అని చెప్పారాయన. మీ ఇంట్లోనూ ఈ బాధ ఉంటే 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. పిల్లల విషయమైతే 1098.

తమ్ముడు మానేశాడు అని రాయాలని ఉంది. రాయలేను. మధ్యలో రెండుసార్లు తప్పాడు. కానీ కొడుకుని మళ్లీ పంపలేదు. నేను ఆటో డబ్బులివ్వడం మానేశాను, కావాలంటే ఆటో పిలిచి నేనే ఎక్కిస్తాను. షాపులో కౌంటరు మనిషి మాత్రం ఒక పని చేశాడు. క్యాలెండరు వెనక ఎక్కడో ఉన్న "21 సంవత్సరాల లోపు వారికి మద్యం అమ్మబడదు" బోర్డు తీసి కటకటాలకి కట్టాడు. దాన్ని చూసి ఎంతమందిని ఆపుతున్నాడో నాకు తెలియదు. నేను అటు వెళ్లినప్పుడల్లా ఆగి ఒక నిమిషం చూస్తాను. అతనూ నన్ను చూస్తాడు.

మీరు కూడా ఈసారి తల తిప్పుకోకండి. అక్కడ చెయ్యి చాపి నిలబడ్డది ఎవరి పిల్లాడో చూడండి.