పంతులుగారి ఇల్లు

బస్తరు సీమలో ఇంద్రావతి ఒడ్డున ఉన్న జగదల్‌పూర్ నుండి రాజమహేంద్రవరం వచ్చిన యాత్రికునికి గోదావరి పరాయి నది కాదు. తన ఊరి నీరు చిత్రకోట్ వద్ద జలపాతమై దూకి, భద్రకాళి దగ్గర ఆ మహానదిలో కలిసి, పాపికొండల నడుమగా ప్రవహించి, అతనికంటె ముందే ఇక్కడికి చేరి ఉంటుంది. అతడు సాహిత్యాభిరుచి కలవాడైతే కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు కూడా పరాయిదిగా తోచదు. జగదల్‌పూర్‌లో 1933లో జన్మించిన హిందీ నవలాకారుడు శానీ, 1965లో వెలువడిన 'కాలా జల్'లో తన ఊరి ముస్లిం కుటుంబాల లోగిళ్లను పాఠకులకు తెరచి చూపినారు. అంతకు ఎనభై ఐదేండ్ల క్రిందటనే ధవళేశ్వరపు గృహస్థుని లోగిలిని పంతులుగారు తెరచినారు. నవలాకారుడు ఇతరుల ఇండ్లలోనికి తొంగిచూచేవాడు గనుక, అతని ఇంటిని చూడాలని పాఠకునికి కోరిక పుట్టడం న్యాయమే.

1848లో పంతులుగారు పుట్టిన ఈ ఇంటిని పురావస్తుశాఖ తన రక్షణలోనికి తీసికొని, బాగుచేయించి, స్మారకంగా నిలిపినది. చూడవచ్చినవారి కన్నులు మొదట వ్రాతబల్లను వెదకుతవి. 'వివేకవర్ధని'లో 1878లో ఆరంభమై, 1880లో గ్రంథరూపం దాల్చిన 'రాజశేఖర చరిత్రము'ను తెలుగున తొలి నవలగా పేర్కొనడం పరిపాటి. ముఖస్తుతులకు పొంగిపోయి, బంగారం చేసి ఇస్తానన్న కపట సన్న్యాసిని నమ్మి చెడిన ఒక సంసారం, అనేక కష్టాల పిమ్మట తేరుకొనడమే అందలి కథ.

కాని ఆ గ్రంథకర్తకు అసలైన పరీక్ష ఆ మరుసటి యేడు వచ్చినది. 1881 డిసెంబరు 11వ తేదీన ఆయన తమ ఇంట తొలి వితంతు వివాహం జరిపించినారు. వధువు బాలవితంతువు గౌరమ్మ. వరుడు గోగులపాటి శ్రీరాములు. ఊరు కోపించినది. వెలికి వెరచి వంటవారు రావడం మానినారు. నీళ్లు తెచ్చేవారు మానినారు. అప్పుడు పంతులుగారి సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి, బిందెతో నీరు మోసికొనివచ్చి, ఇంటికి వచ్చినవారికందరికీ వండిపెట్టినారు. సంస్కరణను గురించి వ్రాయడానికి కలం చాలును. దానిని ఒక పూట నడపడానికి నీళ్లు కావలెను, పొయ్యి వెలగవలెను. ఆమె మోసిన బిందెలో ఇంద్రావతి నీరు కూడా కొంత ఉండి ఉంటుందని బస్తరు యాత్రికుడు తలచుకొంటే తప్పు లేదు.

పంతులుగారి ఛాయాచిత్రాలు చూచి వెళ్లిపోయేవారు ఈ సంగతి మరచిపోతే ఇంటిని సగమే చూచినట్లు. పాత గోడకు సున్నం పూయవచ్చును. పుచ్చిన దూలాన్ని తీసి కొత్తది ఎక్కించవచ్చును. ఊరంతా వాకిలి మూసుకొన్నప్పుడు తన వాకిలి తెరచి ఉంచిన ధైర్యాన్ని మాత్రం ఏ శిల్పీ తిరిగి కట్టలేడు. దానిని చూడవచ్చినవాడే తన ఇంట కట్టుకొనవలెను. అందుచేత ఈ గడప దాటి వీథిలోనికి వచ్చేటప్పుడు అతడు పంతులుగారిని మెచ్చుకొనడంతో తృప్తిపడరాదు. నేడు తన ఇంటి తలుపు ఎవరి ముఖాన మూసి ఉన్నదో ఒకమారు లెక్క చూచుకొనవలెను.