రబ్బరు గాజు

నగ అంటే బంగారం, బంగారమంటే నగ. మన ఇళ్లలో ఈ లెక్క మారదు. అందుకే మూడో సంవత్సరంలో మా మాష్టారు "పారేసే వస్తువులతో ఒక నగ చేసుకురండి. నాక్కావలసింది అందం కాదు, ఆలోచన" అన్నప్పుడు క్లాసంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ రోజే ఆయన రెండు నగల ఫొటోలు చూపించారు. రెండూ స్విట్జర్లాండులో పుట్టిన ఒట్టో కూంజ్లి చేసినవే. మొదటిది 1980 నాటి నల్ల రబ్బరు గాజు. లోపల బంగారు గుండు ఉంది. పైకి కనబడేది చిన్న ఉబ్బు మాత్రమే. బంగారం చూడాలంటే గాజును కోయాలి. కోస్తే ఇక గాజు ఉండదు. దాని పేరుకు అర్థం 'బంగారం గుడ్డివాళ్లను చేస్తుంది' అని. రెండోది 1985-86లో 48 పాత పెళ్లి ఉంగరాలు కలిపి చేసిన గొలుసు. ఎవరెవరో ఒకప్పుడు తొడుక్కున్నవి. దాన్ని మెడలో వేసుకునే ధైర్యం ఎవరికుంటుంది?

ఫొటోలు చూస్తున్నంతసేపూ నాకు అమ్మ చేతులే గుర్తొచ్చాయి. నా ఫీజు కోసం అమ్మ నాలుగు గాజులూ తాకట్టు కొట్టుకు వెళ్లి అప్పటికి ఏడాదిన్నర. పెళ్లిళ్లకు గిల్టు గాజులతో వెళ్లేది. ఎవరైనా పరీక్షగా చూస్తున్నారనిపిస్తే కొంగు చేతుల మీదికి లాక్కునేది.

ఆ ఆదివారం పంచర్ షాపులో పాత సైకిల్ ట్యూబు అడిగి తెచ్చాను. ఎనిమిది అంగుళాల ముక్క కోసి, అమ్మ పాత చీర పేలికలు కూరాను. వాటి మధ్య తాకట్టు రసీదును సన్నగా చుట్టి పెట్టాను. కొసలు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, ఒకదానిలో ఒకటి దూర్చి నొక్కాను. బంగారం ఉండాల్సిన చోట కాగితం! కూంజ్లికి జవాబు చెప్పాననుకున్నాను.

మాష్టారు మెచ్చుకుని వార్షిక ప్రదర్శనలో పెట్టించారు. పక్కన అట్టముక్క మీద "ఇందులో మా అమ్మ గాజుల తాకట్టు రసీదు ఉంది" అని రాశాను. అమ్మ వచ్చింది. కూడబలుక్కుని చదివింది. నేను మెప్పు కోసం చూస్తున్నాను.

"నిజం రసీదేనా?" అంది మెల్లగా.

"నిజందే అమ్మా."

"అది లేకపోతే గాజులెలా ఇస్తాడే?" అని, చుట్టూ ఓసారి చూసి, "ఇన్నాళ్లూ నేను కొంగు కప్పుకున్నది దేనికనుకున్నావ్?" అంది.

అంతే. ఇంకేమీ అనలేదు. ట్యూబూ, పేలికలూ పారేసే వస్తువులే. రసీదు పారేసేది కాదు, నాదీ కాదు. అమ్మ నలుగురి నుంచీ దాచుకున్నదాన్ని నలుగురి ముందూ పెట్టేటప్పుడు ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. ఆ సాయంత్రమే అట్టముక్క తీసేశాను.

తర్వాత చిట్టీ డబ్బు చేతికొచ్చింది. వంటింట్లో కత్తిపీట మీద అమ్మే రబ్బరు గాజును కోసింది. రసీదు నలిగింది గాని అక్షరాలు చెదరలేదు. మర్నాటికి అమ్మ గాజులు ఇంటికొచ్చాయి.

కోసిన గాజు నా దగ్గరే ఉంది. మళ్లీ ప్రదర్శనకు ఇమ్మని అడిగినవాళ్లకు అమ్మనడిగి చెప్తానన్నాను. ఈ వ్యాసం కూడా ముందు అమ్మకే చదివి వినిపించాను.

"గిల్టు సంగతి కూడా రాశావా?" అంది.

"తీసెయ్యమంటావా?"

"ఉంచులే. గాజులొచ్చేశాయిగా!"