తాళంచెవి తిరిగొచ్చిందా?

పెళ్లింట్లో సామాన్ల గది తాళంచెవి పెద్దత్తయ్య బొడ్లో ఉంటుంది. ఎవరికేం కావాలన్నా ఆవిడనే అడగాలి. ‘పంచదార తీసుకుని ఇప్పుడే ఇచ్చేస్తా’నంటూ వంటవాడు తాళంచెవి పట్టుకెళ్తాడు. పంచదార వస్తుంది. తాళంచెవే రాదు! రాత్రికి లడ్డూల బుట్ట తేలికయ్యాక గానీ ఆ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

కంప్యూటర్లోనూ అచ్చం ఇదే గొడవ.

అందులో నడిచే ప్రతి ప్రోగ్రామ్ దగ్గరా ఓ గుర్తింపు చీటీ ఉంటుంది. అది ఎవరి తరఫున పనిచేస్తోంది, ఏ ఫైలు తెరవొచ్చు అన్నది ఆ చీటీ చూసి తేల్చేది కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది. యూనిక్స్, దాని బాటలో పుట్టిన లినక్స్... రెండింట్లోనూ ఒక్కో మనిషికి ఒక్కో నంబరు. అన్ని తాళాలూ తన దగ్గరే ఉన్న యజమాని పేరు ‘రూట్’. ఆయన నంబరు 0. సున్నాయే కదా అని తీసిపారేయకండి. ఆ నంబరుకు అడ్డుచెప్పేవాళ్లు దాదాపు ఉండరు!

మరి మామూలు మనిషి తన పాస్‌వర్డ్ మార్చుకోవాలంటే? పాస్‌వర్డులుండే ఫైల్లో రాసే హక్కు రూట్‌దే. అలాగని ప్రతిసారీ యజమానిని లేపలేం కదా. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌కు ప్రాణంపోసిన వారిలో ఒకరైన డెనిస్ రిచీ దీనికో ఉపాయం కనిపెట్టారు. పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్‌ను ఎవరు నడిపినా ఆ కాసేపూ దానికి రూట్ అధికారం వస్తుంది. 1979లో దీనికి పేటెంట్ కూడా దక్కింది.

అధికారం ఇవ్వడం బాగానే ఉంది. పేచీ అంతా దిగిపోవాల్సి వచ్చినప్పుడే. కుర్చీ ఎక్కినవాళ్లు దిగడం ఎంత కష్టమో తెలియనిదెవరికి!

ఈమెయిళ్లు చేరవేసే సెండ్‌మెయిల్ ప్రోగ్రామ్‌కు 2000లో ఎదురైంది ఈ చిక్కే. చీటీ మీద నంబరు ఒక్కటే ఉండదు. అసలు నంబరు, ఇప్పుడు చెల్లుతున్న నంబరు, మళ్లీ వాడుకోవడానికి దాచుకున్న నంబరు... ఇలా మూడుంటాయి. ‘ఇక నాకు రూట్ అధికారం వద్దు’ అని సెండ్‌మెయిల్ అడిగింది. ‘సరే’ అంది లినక్స్ కెర్నెల్. కానీ, ఓ మాయగాడు ముందే చేసిపెట్టిన కిటుకు వల్ల దాచుకున్న సున్నా మాత్రం అలాగే ఉండిపోయింది. తాళంచెవి బల్లమీద పెట్టి, నకలు జేబులో వేసుకున్నట్టన్నమాట! 2.2.16 కెర్నెల్‌తో ఆ కంత పూడ్చారు.

2009 మార్చిలో వచ్చిన 2.6.29 కెర్నెల్లో డేవిడ్ హోవెల్స్ అనే ఇంజినీరు చీటీల పద్ధతినే మార్చేశారు. అధికారం మారాలంటే పాత చీటీ మీద కొట్టివేతలు కుదరవు. నకలు తీసి, అందులో దిద్ది, మొత్తంగా పాతదాని స్థానంలో పెట్టాలి. మధ్యలో తేడా వస్తే నకలు చించేయడమే. ఇంకొకరి చీటీ జోలికి ఎవరూ పోకూడదు. పద్దు పుస్తకం రాసే ఏ గుమాస్తా అయినా మెచ్చుకునే పద్ధతిది.

అయినా మనుషుల అజాగ్రత్తకు మందు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో నడిచేదీ లినక్స్ కెర్నెలే. ఆ ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపినప్పుడు పనిచేసే ప్రోగ్రామ్ ఒకటుంది. మొదట రూట్‌గా లేచి, వెంటనే మామూలు నంబరుకు దిగిపోవాలి. 2010లో కొందరు ఆ మామూలు నంబరు కింద లెక్కకు మించి ప్రోగ్రాములు నడిపి పెట్టారు. ‘ఇక్కడ ఖాళీ లేదు, దిగడం కుదరదు’ అంది కెర్నెల్. ఆ జవాబు చూసుకునే ఓపిక ప్రోగ్రామ్‌కు లేకపోయింది. దిగిపోయాననుకుని రూట్‌గానే పని మొదలెట్టింది. ఫోన్ తలుపులన్నీ బార్లా!

2011లో కెర్నెల్ వాళ్లు ఈ నియమం సడలించారు. దిగిపోతానంటే ‘ఖాళీ లేదు’ అని ఆపరు. ఆ లెక్క తర్వాత, కొత్త ప్రోగ్రామ్ మొదలుపెట్టేటప్పుడు చూస్తారు. అయినా సరే, నంబరు మార్చుకునే ఆదేశం గురించి వివరించే లినక్స్ పుస్తకంలో ఓ హెచ్చరిక ఇప్పటికీ ఉంది. అడిగింది రూటే అయినా, కెర్నెల్ ఏమందో చూసుకోకపోతే ఘోరమైన తప్పు అని.