ఒకే లాప్‌టాప్, రెండు వంటగదులు

మా పాత లాప్‌టాప్‌లోని విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 దీనికి ఎక్కదు. కొత్తది కొందామంటే ముందు అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. ఉన్నది తీసేద్దామంటే మావారి కొట్టు లెక్కలన్నీ అందులోనే. అందుకే ఉమ్మడి ఇంట్లో వేరు వంటగది పెట్టినట్టు, డిస్కులో 40 జీబీ విడదీసి, ఉచితంగా దొరికే లినక్స్ మింట్‌కి ఇచ్చాం.

విడదీసేటప్పుడు కరెంటు పోతే ఉన్నదంతా పోవచ్చు. మాదేమో భద్రాచలం అడవి దారిలో ఊరు. గాలివానొస్తే చెట్టుకొమ్మలు తీగల మీదే. పోయిన మా అత్తయ్య ఫొటోలు ఆ డిస్కులోనే ఉన్నాయి. వాటిని ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బ్యాటరీ నిండాకే మొదలుపెట్టాం.

ఇప్పుడు ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది. లెక్కలు విండోస్‌లో, ఇంటర్నెట్ పనులు మింట్‌లో. మీరూ చేయాలనుకుంటే ముందు ఫొటోలు దాచుకోండి, తర్వాతే ధైర్యం చేయండి.